పొట్లంలో ఎండ

మా నాయనమ్మకు ఎండంటే పడదు. ఒంటికి పడకపోవడం వేరు, మనసుకు పడకపోవడం వేరు. ఆవిడది రెండోది. చిలకలూరిపేటలో కాపురం ఉంటూ ఎండ పడదనడం ఎంత విడ్డూరమో ఈ చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చలి తగ్గితే చాలు, ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు. అక్కడి నుంచి అందరి కళ్ళూ ఆకాశం మీదే. ఎండ బాగా కాస్తే కాయకు రంగు నిలుస్తుంది. మబ్బు పట్టిందంటే రైతు దగ్గర్నుంచి కూలీ దాకా దాన్ని నోటికొచ్చినట్టు తిడతారు. అలాంటి ఊళ్ళో ఈవిడొక్కతే కిటికీలు బిగించుకుని కూర్చునేది.

అది మాకెవ్వరికీ వింతగా అనిపించలేదు. మేం దూదేకులవాళ్ళం. హైవేకి ఇవతలి వీధిలో మా పరుపుల షాపు, దాని వెనక ఇల్లు, రెంటికీ మధ్య దూది గది. మిల్లుల నుంచి తెచ్చిన దూదిని ఆ గదిలోనే ఏకుతాం. గాలి చొరబడితే దూది ఎగిరిపోతుంది కాబట్టి తలుపులూ కిటికీలూ ఎప్పుడూ మూసే ఉంచాలి. వెనకటి రోజుల్లో మా తాత విల్లు పట్టుకుని దూది ఏకితే నాయనమ్మ పక్కన కూర్చుని పరుపులు కుట్టేది. తాత పోయాడు, మా నాన్న కరెంటు మిషను పెట్టించాడు, ఈవిడ మాత్రం ఆ గదిలోంచి కదల్లేదు. సాయంత్రానికి కనుబొమ్మల మీద, పెదాల పైన తెల్లగా నూగు పట్టేది. చిన్నప్పుడు చీకట్లో ఎదురుపడితే నేను జడుసుకునేదాన్ని. బయటికెందుకు రావని ఎవరైనా అడిగితే, పనుందిగా అనేది. పనుందంటే మా ఇంట్లో ఇంక రెండో ప్రశ్న ఉండదు.

నేను పేటలోనే డిగ్రీ చదువుతున్న రోజుల్లో, రెండువేల మూడో నాలుగో అయ్యుంటుంది, ఆవిడకు ఒళ్ళునొప్పులు మొదలయ్యాయి. మొదట పిక్కలు, తర్వాత నడుము, ఆ తర్వాత ఎక్కడ ముట్టుకుంటే అక్కడ. కూర్చుంటే గోడ పట్టుకుంటే గాని లేవలేదు. "ఎముకల్లో కూర్చుని ఎవురో దూది ఏకతా ఉండారే" అనేది. ఆవిడది దర్శి దగ్గర పల్లె. పేటకొచ్చి దాదాపు నలభై ఏళ్ళైనా ఆ యాస పోలేదు. వెళ్ళొద్దనడానికి మేమంతా "పోమాక" అంటే ఆవిడ "పోబాక" అనేది. నేను వెక్కిరిస్తే, "నా నోరు నా ఇష్టం, నీ నోరు నువ్వు చూసుకో" అని కసిరేది. ఆవిడ కోపమే నాకొచ్చిందని మా అమ్మ అంటుంది. నేను ఒప్పుకోను.

వీధి చివర ఆరెంపీ డాక్టరు ఇచ్చిన సూదిమందులు నాలుగు రోజులు పనిచేసి ఊరుకున్నాయి. చివరికి నాన్నా నేనూ ఆవిడను రిక్షాలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రిక్షా టాపు వేయించి, దాని మీద మళ్ళీ దుప్పటి కప్పించి గాని ఎక్కలేదు. డాక్టరు మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. నాయనమ్మ కెవ్వుమంది. రక్తపరీక్ష గుంటూరుకు పంపించారు. రిపోర్టు వచ్చాక మళ్ళీ వెళితే, దాన్ని చూస్తూ డాక్టరు అడిగాడు.

"ఎండలోకి వెళతారా అమ్మా?"

"ఎందుకెళ్తానయ్యా? నాకేం పని?"

"విటమిన్ డి బొత్తిగా లేదండి ఈవిడకి. ఎండ తగిలితే ఒంట్లో తయారయ్యేది అది. అది లేక ఎముకలు మెత్తబడ్డాయి."

నాన్నకు నవ్వాగలేదు. "పేటలో ఉండి ఎండ చాలకపోవడమేంటండి?"

"పెద్దవాళ్ళల్లో తరచూ చూస్తున్నానండి, ఆడవాళ్ళల్లో ఇంకా ఎక్కువ. ఇంట్లోంచి కదలరు, కదిలినా ఒళ్ళంతా కప్పుకుంటారు. వయసు మీద పడ్డాక చర్మం కూడా ఎండను సరిగా వాడుకోలేదు." అని, నాయనమ్మకు అర్థం కావాలని గొంతు పెంచి, బల్ల సొరుగులోంచి చిన్న పొట్లం తీసి చూపించాడు. "ఇదిగో అమ్మా, మీరు ఎండలోకి రారు గదా, అందుకని ఎండనే పొట్లం కట్టి ఇస్తున్నా. పాలల్లో కలుపుకొని తాగండి. వారానికొకటి. ఏ వారమూ మానొద్దు, సరేనా?"

నాయనమ్మ ఆ పొట్లం వంక చూసిన చూపు నాకు గుర్తుంది. ఎవరో తెలిసినవాళ్ళు ఎదురుపడ్డట్టు చూసింది. "సరే" అని మాత్రం అంది.

ఇంటికొచ్చాక చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. పొట్లాల డబ్బా అలమరలో పెట్టి, దానికి అడ్డంగా పాత దిండుగలీబు ఒకటి పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత తిప్పలు పడి తీసుకెళితే తాగకపోవడమేంటని గొడవ పెట్టుకున్నాను. "ఎండ నాకొద్దే" అంది. "అది ఎండ కాదు నాయనమ్మా, మందు. డాక్టరు నీకు అర్థం కావాలని అట్లా చెప్పాడు" అని ఒక పొట్లం చించి పాలల్లో కలిపి ఇచ్చాను. పంచదార పలుకుల్లాంటి పొడి, నారింజ బిళ్ళల వాసన. కళ్ళు గట్టిగా మూసుకుని గటగటా తాగేసింది. తర్వాత కాసేపు అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

ఆ మందు పనిచేసింది. అబద్ధం ఆడను, నేనే ఆశ్చర్యపోయాను. చూస్తుండగానే గోడ పట్టుకోకుండా లేవడం మొదలుపెట్టింది. మునివేళ్ళ మీద లేచి అటక మీద గిన్నెలు అందుకుంది. పొట్లాలు అయిపోయాయని ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో చెప్పేది. ఒకసారి నాన్న తెచ్చాడు, ఒకసారి అమ్మ, కాలేజీ నుంచి వస్తూ నేను. ఎవరికి వాళ్ళం తెచ్చి అలమరలో పెట్టేవాళ్ళం. మందులు శ్రద్ధగా వాడుతోందని నాన్న మురిసిపోయాడు. మొదట్లో నానా యాగీ చేసిన మనిషి పొద్దున లేవగానే పాలు వెచ్చబెట్టమని అమ్మ వెంట పడుతుంటే నేను ఏడిపించేదాన్ని. "ఎండొద్దన్నావుగా?" అంటే, "డాక్టరు మానొద్దన్నాడు" అనేది.

అప్పుడు దప్పిక మొదలైంది. చెంబుడు నీళ్ళు తాగి చెంబు దించకముందే మళ్ళీ దాహమనేది. నాలుక పిడచగట్టుకుపోతోందని కుండ తెచ్చి దూది గదిలో తన పక్కనే పెట్టించుకుంది. ఎండాకాలం కదా, అందరికీ దాహమే, మేం పట్టించుకోలేదు. తిండి తగ్గింది. ఆ తినేదీ వింతగా తినేది. పళ్ళెంలో ఒక మూలకు కాసిని చప్పిడి మెతుకులు తీసి, కూర తగలకుండా వేలితో గీత గీసి ఉంచేది. "అదెవరికి?" అని అమ్మ అడిగితే, "కారం తినలేదు గదా" అంది. ఎవరు తినలేరో చెప్పలేదు. అమ్మ రెట్టించి అడగలేదు.

ఒకరోజు కాలేజీ ఒంటిపూటే పెట్టి వదిలేస్తే మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాను. వీధిలో పిట్ట లేదు. తారు మెత్తబడి చెప్పు అంటుకుంటోంది. కరెంటు పోయి మిషను ఆగిపోయింది. ఎప్పుడూ రొదగా ఉండే ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. షాపులో నాన్న లేడు. అమ్మ వసారాలో కొంగు పరుచుకుని నిద్రపోతోంది. దూది గదిలోంచి మాటలు వినపడ్డాయి.

ఆడగొంతు, కాని నాయనమ్మ గొంతు కాదు. పాతికేళ్ళ మనిషి గొంతు. గారాబంగా, కొంచెం బతిమాలుతూ ఉంది. "అటు పోబాకమ్మా. ఎండ కొట్టుద్ది. ఇటు రా, నా కాడికి రా. దూదిలో పడుకో, మెత్తగా ఉంటాది." ఎవరొచ్చారా అని తలుపు తోశాను. లోపల నాయనమ్మ ఒక్కతే ఉంది. నేను తెరిచిన సందులోంచి ఎండ గీతలా నేల మీద పడింది. ఆవిడ ఒక్క ఉదుటున లేచింది. నెల కిందట గోడ పట్టుకుని లేచిన మనిషి, పరుగెత్తుకొచ్చి తలుపు నా మొహాన వేసింది. "తలుపెయ్యవే! బిడ్డ బయటికి పోద్ది!"

తలుపు మూసుకునే ముందు నేనొకటి చూశాను. ఏకిన దూది కుప్ప మీద ఒక గుంట ఉంది. చిన్న పిల్ల పడుకుని లేచినంత గుంట. పిల్లి పడుకుని ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మా ఇంట్లో పిల్లి లేదు.

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా ఆ రోజు నుంచి నేను ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళడం మానేశాను. భయమని ఒప్పుకోకుండా, చదువుకోవాలని సాకు చెప్పేదాన్ని.

ఆ తర్వాత ఒకనాడు పొట్లాలు అయిపోయాయి, తెచ్చిపెట్టమంది. సాయంత్రం తెస్తానన్నాను. నేను పుస్తకంలోంచి తలెత్తి చూసేసరికి ఆవిడ గుమ్మం దాటి వీధిలో ఉంది. నాకు ఊహ తెలిసిన తర్వాత ఆవిడ ఎండలో కాలు పెట్టడం అదే మొదలు. నెత్తిన కొంగు లేదు. కొంగును ఎడమచేత్తో పక్కకు చాచి పట్టుకుని నడుస్తోంది. తన నడుము ఎత్తు కూడా లేనివాళ్ళెవరికో నీడ పడుతున్నట్టుగా పట్టుకుంది. అడుగులు కూడా తనవి కావు. పక్కవాళ్ళు అందుకోలేరని ఆగి ఆగి వేస్తోంది. మందుల షాపు మా వీధి మలుపులోనే. నేను గుమ్మంలో నిలబడే చూశాను, వెనక వెళ్ళలేదు. కాసేపటికి డబ్బా పట్టుకుని అలాగే తిరిగొచ్చింది. నాతో మాట్లాడకుండా దూది గదిలోకి పోయి తలుపేసుకుంది. అమ్మకు చెబితే, నాయనమ్మ తనంతట తను వీధిలో నడిచిందని సంబరపడి సేమ్యా పాయసం చేసింది. కొంగు సంగతి చెబితే వినిపించుకోనట్టే ఉంది.

అసలు విషయం బయటపడింది చిన్న పరుపు వల్ల. నాయనమ్మ ఒక పరుపు కుట్టింది. మూడడుగులు ఉంటుందేమో, పువ్వుల గుడ్డ, పక్కన అంతే చిన్న దిండు. ఎవరో కుట్టమని చెప్పి ఉంటారని నాన్న అనుకున్నాడు. షాపులో వేలాడదీయబోతే ఆవిడ లాక్కుంది.

"ఏరా, మీ అక్కకిది చాలుద్దా? ఎదిగే పిల్ల, ఇంకో బెత్తెడు పెంచమంటావా?"

నాన్న మొహంలో రంగు పోవడం నేను కళ్ళారా చూశాను. నాన్నకు అక్క ఉందని నాకు తెలియదు. అమ్మకూ తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనలేదు.

నాన్న షాపు మెట్ల మీద కూర్చుని చెప్పాడు. వాళ్ళు దర్శి పక్కన ఉన్నప్పటి సంగతి. దూది పని లేని నెలల్లో నాయనమ్మ కల్లాలకు కూలికి వెళ్ళేదట. ఆరిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరే పని. నాలుగేళ్ళ కూతుర్ని వెంట తీసుకెళ్ళేది. నాన్న ఇంకా చంటివాడు, ఇంటి దగ్గర ముసలమ్మ దగ్గర ఉండేవాడు. కల్లంలో చెట్టూ పుట్టా ఉండదు, నాలుగు కర్రలు పాతి గోనెపట్టా కప్పితే అదే నీడ. ఒకరోజు ఆ పట్టా కింద పడుకున్న పిల్ల సాయంత్రం లేపితే లేవలేదు. వడదెబ్బ అన్నారు. నెల తిరక్కుండా తాత సామాను బండికెక్కించి పేటకు తీసుకొచ్చేశాడు. నాయనమ్మ దూది గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. "మా నాన్న చచ్చేదాకా నాకు చెప్పలేదు. చచ్చేముందు చెప్పాడు, అమ్మ దగ్గర ఆ మాట ఎత్తమాకురా అని" అన్నాడు.

అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించుకొద్దామంది. నాన్న తల అడ్డంగా ఊపాడు. తాయెత్తుకు పోయేది కాదన్నాడు. "అక్క అమ్మను తీసుకెళ్ళడానికొచ్చింది. అడ్డం పడితే మనకు మంచిది కాదు. పోనీ. అమ్మ ఇన్నేళ్ళు ఆ పిల్ల కోసమేగా కూర్చుంది."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నాన్న మీద అంతగా అరవడం అదే మొదటిసారి, చివరిసారి కూడా. "ఆవిడకు ఒంట్లో బాగాలేదు నాన్నా! తిండి లేదు, కడవలకు కడవలు నీళ్ళు తాగుతోంది, మనిషి సగమైపోయింది. దయ్యం తీసుకెళుతుందని చేతులు కట్టుకుని కూర్చుంటావా? మీరు రాకపోతే నేనే గుంటూరు బస్సెక్కిస్తా" అన్నాను. నాకు ఆవిడ కావాలి. అంతే. చిన్నప్పుడు అమ్మ కొట్టబోతే నేను దూరింది ఆవిడ కొంగులోకే. ఆ పిల్ల ఎవరైనా కానీ, ఎక్కడి నుంచైనా రానీ, నేను ఇవ్వదల్చుకోలేదు. నా భయం కూడా అప్పుడే పోయింది. ఆ గదిలోకి వెళ్ళి, దూది కుప్ప వైపు చూడకుండా, ఆవిడ పక్కనే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే వాంతులు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి నన్ను గుర్తు పట్టలేదు. అప్పుడు నాన్న కూడా మారుమాట్లాడకుండా కారు మాట్లాడుకొచ్చాడు. దారి పొడుగునా నాయనమ్మ నా భుజం మీద తల వాల్చి, కారు అద్దంలోంచి ఎండ పడుతుంటే తన మీద కాకుండా పక్కనున్న ఖాళీ సీటు మీద చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆ చేతిని తీసి నా చేతుల్లో పెట్టుకున్నాను. మళ్ళీ తీసుకుని అక్కడే పెట్టింది.

గుంటూరు ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఎముకలకు విటమిన్ డి పొట్లాలని చెప్పాను.

"వారానికొకటేగా?"

"అవునండి, వారానికొకటే" అన్నాడు నాన్న.

మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న నాయనమ్మ అందుకుంది. పాఠం అప్పజెప్పే పిల్లలా ఉంది గొంతు. "ఏ వారమూ మానలేదమ్మా. ఆదివారానికి ఆదివారంది తాగా. సోమవారానికి సోమవారంది తాగా. మంగళవారానికి మంగళవారంది తాగా…"

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. నాన్నా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. మా ఇంట్లో పొద్దున లేవగానే మొదట అడిగేది "ఇవాళ ఏ వారం?" అనే. దానికి జవాబు బుధవారమో గురువారమో అవుతుంది. మాకు వారమంటే ఏడు రోజులూ వారమే, ఒక్కో రోజూ వారమే. పేట డాక్టరు ఏడు రోజులకొకటని చెప్పాడు, మేమదే విన్నాం. ఏ వారమూ మానొద్దంటే ఏ రోజూ మానొద్దని ఆవిడ విన్నది. ముగ్గురం మార్చి మార్చి డబ్బాలు తెచ్చాం కాబట్టి ఎన్ని అయిపోతున్నాయో ఎవరికీ తెలియలేదు.

ఎండలో ఎంతసేపు నిలబడినా ఒళ్ళు తనకు కావలసినంతే తీసుకుంటుందట. పొట్లం అలా కాదు, పోసినంతా లోపలే ఉండిపోతుంది. అది మితిమీరితే రక్తంలో కాల్షియం పేరుకుంటుందని, దప్పిక, వాంతులు, మతి తప్పడం, లేనివాళ్ళు కనపడడం అన్నీ దాని వల్లేనని డాక్టరమ్మ చెప్పింది. "సున్నం ఎక్కువైనట్టన్నమాట" అన్నాడు నాన్న మెల్లగా. అంతేనంది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే మూత్రపిండాలు పోయేవంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. దయ్యం కాదు, గాలి కాదు, ఒక్క మాట. నాన్న వైపు గెలిచినట్టు చూశాను.

సెలైను పెట్టారు. చేతి సూది పీకేసుకుంటోందని ఆ చేతిని గుడ్డతో మంచానికి కట్టారు. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. అందరూ భోజనాలకు వెళ్ళి వార్డు ఖాళీగా ఉన్న వేళ, పైన ఫ్యాను కిర్రుమంటోంది, నాయనమ్మ కళ్ళు తెరిచింది. "నీళ్ళియ్యవే" అంది. గ్లాసులో పోసి చెంచాతో నోటి దగ్గర పెట్టాను. పెదాలు బిగించి తల తిప్పుకుంది. "నీళ్ళియ్యవే" అని మళ్ళీ అంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తిప్పుకుంది. అడుగుతావు, ఇస్తే తాగవు, ఏంటి నీ గోల అని విసుక్కున్నాను. కట్టిన చేతిని లాగుతూ, మంచం పక్కకు చూస్తూ, చాలాసేపు అదే మాట అంది. తర్వాత ఊరుకుంది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తెల్లారేసరికి నన్ను గుర్తుపట్టింది.

ఇంటికి తీసుకొచ్చాం. పొట్లాలు పూర్తిగా మాన్పించారు. కొన్నాళ్ళు ఎండక్కూడా దూరంగా ఉండమన్నారు. ఆవిడకు అదేం కష్టం కాదని నేను జోకేస్తే ఎవరూ నవ్వలేదు. ఆ చిన్న పరుపును నాన్న ఎప్పుడో విప్పేసి, దూదిని వేరే పరుపుల్లో కలిపేశాడు. నాయనమ్మ దాన్ని అడగలేదు. పళ్ళెంలో మెతుకులు వేరు చేయలేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది. దూది గది తలుపు మాత్రం మూయడం మానేసింది. గాలికి దూది ఎగిరి ఇల్లంతా పడుతుంటే అమ్మ వెళ్ళి మూసేది. నేను కాపాడుకున్న మనిషి ఎదురుగానే ఉంది. అయినా నాకు తృప్తిగా లేదు, ఎందుకో తెలిసేది కాదు.

తొలకరి జల్లులు పడ్డాక ఒక మధ్యాహ్నం, ఇద్దరమే ఉన్నాం. ఏదో మాటల్లో నేనే నవ్వుతూ అన్నాను, "వారమంటే రోజనుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నావుగా" అని.

"ఏడ్రోజులకొకటని నాకు తెలుసే" అంది.

నాకు అర్థం కాలేదు.

"మొదట్లో తెలవదు. ఆ రోజు నేనే పోయి తెచ్చుకున్నా గదా, ఆ షాపాయన చెప్పాడు. ఇంతలోకే అయిపోయినాయా? ఇది రోజూ తాగేది కాదమ్మా, ఏడ్రోజులకొకటే, ఎక్కువైతే ప్రమాదమన్నాడు."

"మరెందుకు తాగావు?"

"తాగినాకే గదా అది వచ్చింది. మానితే పోద్ది." ఇంత చిన్న విషయం నాకు తట్టనందుకు విసుక్కున్నట్టు అంది. "చచ్చిపోతావని భయం వెయ్యలేదా?" అన్నాను. తన అరచేతులు చూసుకుంటూ, నావైపు తిరక్కుండానే మొదలుపెట్టింది.

"ఆ రోజు కల్లంలో నీళ్ళడిగిందే అది. కుండ అవతల గట్టు మీద ఉండాది. ఈ కుప్ప ఏరేసి తెస్తా, పడుకో అమ్మా అన్నా. కుప్ప అయ్యేసరికి సద్దు లేదు. నిద్రపోయింది గదా, పోనీలే, లేచినాక ఇద్దామనుకున్నా."

నేను ఆవిడ దగ్గరికి జరిగాను.

"గుంటూర్లో మంచం కాడికొచ్చింది. మళ్ళీ నీళ్ళే అడిగింది. నా చెయ్యి కట్టేసుండారు. నువ్వు పక్కనే ఉండావు గదా అని నిన్నడిగా. దానికియ్యమంటే నువ్వు తెచ్చి తెచ్చి నా నోట్లో పోస్తా ఉండావు. చూసి చూసి పోయింది." అప్పుడు నావైపు తిరిగింది. కోపం లేదు ఆవిడ మొహంలో, అడిగి తెలుసుకోవాలనే ఉంది. "అంత దగ్గర నిలబడితే నీకు కనపళ్ళేదా అది?"

"కనపడలేదు నాయనమ్మా" అన్నాను. ఆవిడ నా మాట నమ్మలేదు.